మారథాన్ అనే మాట ఎక్కడిది? పరుగెత్తి చనిపోయిన సైనికుడి పేరేనా?

మీరు అడిగింది ఇదీ. మీ ఆఫీసు వాళ్లు పెట్టిన 5 కిలోమీటర్ల పరుగులో యాంకర్ మైకు పట్టుకుని, "మారథాన్ అనే గ్రీకు సైనికుడు యుద్ధం గెలిచిన కబురు చెప్పడానికి 42 కిలోమీటర్లు పరుగెత్తి, ఆ ఒక్క మాట చెప్పి ప్రాణం వదిలాడు, ఆయన పేరే ఈ పందేనికి పెట్టారు" అన్నాడు. ఇది నిజమేనా, ఆ 42.195 లెక్క ఎక్కడిది, 5 కిలోమీటర్ల పరుగుని మారథాన్ అనొచ్చా అని మూడు ప్రశ్నలు వేశారు. దూరపు పరుగులు నేర్పడం నా పని, పాత గ్రీసు చరిత్ర చదవడం నాకు ఇష్టం. ఆ రెండూ కలిసే చోటు ఇదే కాబట్టి కాస్త తీరిగ్గా చెబుతాను.

ముందు టూకీగా. మారథాన్ అన్నది ఊరి పేరు. ఆ ఊరికి ఆ పేరు సోంపు మొక్కల వల్ల వచ్చింది. అక్కడ యుద్ధం జరిగింది క్రీ.పూ. 490లో. పరుగెత్తి చనిపోయిన సైనికుడి కథ, మనకు దొరికే పుస్తకాల్లో, ఆ తర్వాత దాదాపు 600 ఏళ్లకు గానీ కనపడదు. పాత గ్రీకుల ఒలింపిక్స్‌లో మారథాన్ అనే పందెమే లేదు. ఆ పందెం ఆలోచన 1894లో పుట్టింది. పుట్టించినవాడు క్రీడాకారుడు కాదు, ఒక ఫ్రెంచ్ భాషా శాస్త్రవేత్త.

ఇక వివరంగా.

ఏథెన్స్‌కి ఈశాన్యంగా, రోడ్డు దారిన సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, సముద్రానికీ కొండలకీ మధ్య ఒక మైదానం ఉంది. దాని పేరు మారథాన్. గ్రీకులో మారథోన్ అంటే సోంపు. మనం భోజనం అయ్యాక నోట్లో వేసుకునే సోంపే, ఆ మొక్కే. ఊరి పేరుకి 'సోంపు పెరిగే చోటు' అని అర్థం. ఈ మాట గ్రీకు భాషలో ఎంత పాతదంటే, యుద్ధానికి ఏడెనిమిది వందల ఏళ్ల ముందే రాతలో ఉంది. మైసీనీ నగరంలో తవ్వకాల్లో దొరికిన మట్టి పలకల మీద వంట సరుకుల చిట్టాలు ఉన్నాయి. వాటి లిపిని లీనియర్ బి అంటారు, 1952లో మైకేల్ వెంట్రిస్ దాన్ని చదివాడు. మన తెలుగులాగే అక్షరానికో అచ్చు కలిపి రాసే లిపి కాబట్టి మనకు చదవడం సుళువు. ఆ చిట్టాలో 'కు-మి-నొ' అంటే జీలకర్ర, 'స-స-మ' అంటే నువ్వులు. వాటి పక్కనే 'మ-ర-తు-వొ'. అదే సోంపు. ఇవాళ లక్షల మంది చొక్కాల మీద వేసుకు తిరిగే మాటని మనం చూడగలిగిన అన్నిటికంటే పాత చోటు ఆ సరుకుల చిట్టా.

యాంకర్ చెప్పినదాంట్లో ఒక్క చిన్న ముక్క పూర్తిగా గాల్లోంచి వచ్చింది కాదు. ఆ ఊళ్లో మారథాన్ అనే పేరుగల ఒక వీరుణ్ణి పూజించేవాళ్లని, ఊరికి అతని పేరే వచ్చిందని స్థానికులు చెప్పుకునేవాళ్లని పాసేనియస్ అనే పాత గ్రీకు యాత్రికుడు రాశాడు. అయితే అతను యుద్ధంలోని సైనికుడు కాదు, ఊరి పేరుని బట్టి ఊళ్లో పుట్టిన పురాణ పురుషుడు. పరుగుతో అతనికి ఏ సంబంధమూ లేదు.

యుద్ధం సంగతికి వద్దాం. పర్షియా రాజు డరయస్ పంపిన సైన్యం దాతిస్, అర్తఫెర్నీస్ అనే ఇద్దరు సేనానుల కింద ఓడల్లో వచ్చి ఎరెట్రియా నగరాన్ని కొల్లగొట్టి, అక్కణ్ణించి మారథాన్ తీరంలో దిగింది. ఏథెన్స్ వాళ్లకి సాయంగా వచ్చింది ప్లాటియా అనే చిన్న ఊరి జనం మాత్రమే. అంతకుముందే, ఏథెన్స్ సేనానులు ఇంకా ఊళ్లో ఉండగానే, సాయం అడగమని స్పార్టా నగరానికి ఒక మనిషిని పంపారు. అతని పేరు ఫిలిప్పిడీస్. వృత్తి హెమెరోడ్రోమోస్, అంటే పగలల్లా పరుగెత్తే వార్తాహరుడు. ఇదంతా చెప్పినవాడు గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్. యుద్ధానికి రెండు తరాల లోపే, అందులో పోరాడినవాళ్ల పిల్లలు బతికుండగానే రాసినవాడు కాబట్టి ఈ విషయంలో అందరికంటే ముందు ఆయన మాటే వినాలి.

ఇక్కడ కాస్త ఆగాలి. నిజంగా జరిగిందని గట్టిగా చెప్పగలిగిన పరుగు ఇదే. ఏథెన్స్ నుంచి స్పార్టాకి దాదాపు 240 కిలోమీటర్లు. సాఫీ రోడ్డు కాదు, కొండదారులు. ఫిలిప్పిడీస్ బయల్దేరిన మర్నాడే స్పార్టాలో ఉన్నాడని హెరొడోటస్ రాశాడు. దారిలో తెజియా ఊరి పైన పార్థెనియన్ కొండ మీద పాన్ దేవుడు పేరు పెట్టి పిలిచాడట. "ఏథెన్స్ వాళ్లు నన్నెందుకు పట్టించుకోవడం లేదు? నేను మీకు ఎన్నోసార్లు మేలు చేశాను, ఇకముందూ చేస్తాను" అన్నాడట. యుద్ధం అయ్యాక ఏథెన్స్ వాళ్లు అక్రోపొలిస్ కొండ కింద పాన్‌కి గుడి కట్టి, ఏటా బలులు, కాగడా పరుగు జరిపించారు. రాత్రంతా పరుగెత్తినవాళ్లని అడిగి చూడండి. తెల్లవారుజామున చెట్టు మనిషిలా కనపడటం, ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు వినపడటం అందులో దిగినవాళ్లందరికీ తెలిసిన సంగతే. అందుకే ఆ కొండ మీది మాటని నేను కట్టుకథ అని కొట్టిపారేయను. ఆ మనిషి నిజంగా అంత దూరం పరుగెత్తాడనడానికి అదే నాకు పెద్ద సాక్ష్యంలా అనిపిస్తుంది.

స్పార్టా పెద్దల ముందు నిలబడి, ఎరెట్రియా ఇప్పటికే బానిస అయిపోయింది, గ్రీసులో పాత నగరమైన మా ఏథెన్స్‌ని కాపాడండి అని అడిగాడు. వాళ్లు సాయం చేస్తామన్నారు గానీ వెంటనే కాదన్నారు. ఆ రోజు నెలలో తొమ్మిదో రోజు, మన లెక్కలో శుద్ధ నవమి అనుకోండి. పౌర్ణమి వస్తే గానీ దండు కదలకూడదని వాళ్ల ఆచారం. అంత దూరం పరుగెత్తి వచ్చిన మనిషికి దొరికిన జవాబు అదీ. పౌర్ణమి వెళ్లాక 2,000 మంది స్పార్టా సైనికులు ఆఘమేఘాల మీద బయల్దేరి మూడో రోజుకే వచ్చారు. అప్పటికి యుద్ధం అయిపోయింది. మారథాన్ దాకా వెళ్లి, పడి ఉన్న శవాలని చూసి, ఏథెన్స్ వాళ్లని మెచ్చుకుని తిరిగి వెళ్లిపోయారు.

ఫిలిప్పిడీస్ వెనక్కి వచ్చాడా, మారథాన్‌లో పోరాడాడా, ఎలా చనిపోయాడు అన్నది హెరొడోటస్ ఒక్క ముక్క కూడా రాయలేదు. మారథాన్ నుంచి ఏథెన్స్‌కి ఒంటరిగా పరుగెత్తిన దూత ఆయన పుస్తకంలో లేనే లేడు. అలాంటివాడు ఉండి ఉంటే, కొండ మీద దేవుడు పలకరించిన ముచ్చటని కూడా వదలకుండా చెప్పిన మనిషి ఇది వదిలేస్తాడా? నాకు నమ్మకం లేదు.

కానీ మారథాన్ నుంచి ఏథెన్స్‌కి ఒక పరుగు నిజంగానే జరిగింది. దాన్ని ఎవరూ పెద్దగా చెప్పరు. యుద్ధంలో ఓడిన పర్షియన్లు మిగిలిన ఓడలెక్కి, సూనియన్ అగ్రం చుట్టి వెళ్లి, కాపలా లేని ఏథెన్స్‌ని పట్టుకుందామని బయల్దేరారు. అది పసిగట్టిన ఏథెన్స్ సైన్యం కాళ్లకి ఉన్న బలం కొద్దీ వెనక్కి ఉరికింది. అప్పటిదాకా కత్తులు, ఈటెలతో పోరాడినవాళ్లే, ఆ కంచు కవచాలు, డాళ్లు మోసుకుంటూ, గాయాలతో, పర్షియన్ ఓడలకంటే ముందే ఊరు చేరి హెరాక్లీస్ గుడి దగ్గర దిగారు. ఓడలు ఫలేరన్ రేవు ముందుకు వచ్చి, ఒడ్డున సైన్యాన్ని చూసి, కాసేపు లంగరు వేసి ఆగి ఆసియాకి తిరిగి వెళ్లిపోయాయి. ఏథెన్స్ దళం పది వేలకు దగ్గరగా ఉండేదని తర్వాతి రచయితలు లెక్క చెప్పారు. చనిపోయినవాళ్లు 192 మంది, పర్షియన్ల వైపు 6,400 మంది అని హెరొడోటస్ లెక్క. ఆ 192 మందినీ పూడ్చిన మట్టిదిబ్బ ఇప్పటికీ మారథాన్ మైదానంలో ఉంది. ఒక్కడు పరుగెత్తి కబురు చెప్పి చనిపోయిన కథకంటే, వేల మంది పరుగెత్తి ఊరు కాపాడుకున్న ఈ నిజం నాకు ఎన్నో రెట్లు గొప్పది.

మరి చనిపోయిన దూత ఎక్కణ్ణించి వచ్చాడు? ప్లూటార్క్ అనే రచయిత క్రీ.శ. 100 ప్రాంతంలో, ఏథెన్స్ కీర్తి గురించి రాసిన వ్యాసంలో ఈ కథ చెప్పాడు. హెరాక్లిడీస్ అనే పాత రచయిత ప్రకారం దూత పేరు థెర్సిప్పస్ అని, ఎక్కువ మంది మాత్రం యూక్లీస్ అంటారని రాశాడు. ఆ దూత యుద్ధం వేడి ఆరకముందే కవచంతోనే పరుగెత్తుకొచ్చి, ఊరి పెద్దల గుమ్మంలో పడి, గెలిచామని చెప్పి ప్రాణం వదిలాడు. ఫిలిప్పిడీస్ పేరు అక్కడ లేదు. ఆ పేరుని ఈ కథకి తగిలించింది మరో తరం తర్వాత వచ్చిన లూసియన్ అనే రచయిత. ఆయన రాసినది చరిత్ర పుస్తకం కూడా కాదు. ఒక పొద్దున ఒక పెద్దమనిషిని పలకరిస్తూ 'ఖైరె' అనాల్సిన చోట, సాయంత్రం సెలవు తీసుకునేటప్పుడు అనే మాట నోరు జారి అనేశాడట. అందుకు క్షమాపణ చెప్పుకుంటూ, పలకరింపు మాటల పూర్వాపరాల గురించి ఒక వ్యాసం రాశాడు. 'ఖైరె' అంటే 'సంతోషించు' అని. ఆ మాటతో కబురు చెప్పిన మొదటి మనిషి మారథాన్ నుంచి వచ్చిన ఫిలిప్పిడీస్ అని, 'ఖైరెతె, నికోమెన్' అంటే 'సంతోషించండి, గెలుస్తున్నాం' అని చెప్పి చనిపోయాడని అక్కడ ఉదాహరణగా ఇచ్చాడు. ప్రపంచమంతా చెప్పుకునే ఆ చివరి మాట మనకు దక్కింది ఇలా, పలకరింపు గురించిన వ్యాసంలోంచి.

ఆ పేరులో కూడా ఒక చిక్కు ఉంది. హెరొడోటస్ రాతప్రతుల్లో కొన్నిటిలో ఫిలిప్పిడీస్ అని, కొన్నిటిలో ఫైడిప్పిడీస్ అని ఉంటుంది. మొదటి దాంట్లో 'గుర్రాలంటే ఇష్టం', రెండో దాంట్లో 'గుర్రాలని పొదుపుగా వాడటం' అనే అర్థాలు ఉన్నాయి. ఫిలిప్పిడీస్ అన్నది ఏథెన్స్‌లో మామూలుగా ఉండే పేరు. ఫైడిప్పిడీస్ అన్నది అరిస్టోఫనీస్ హాస్య నాటకంలో ఒక పాత్రకి నవ్వు కోసం పెట్టిన పేరు. అందుకని ఎక్కువ మంది పండితులు ఫిలిప్పిడీస్ వైపే మొగ్గుతారు, నేనూ అదే రాస్తున్నాను.

పరుగెత్తి, కబురు చెప్పి, కుప్పకూలి చనిపోవడం అన్న కథకి నా అనుమానం మరొకరి మీద ఉంది. క్రీ.పూ. 479లో ప్లాటియా యుద్ధం గెలిచాక, పర్షియన్ల వల్ల అపవిత్రమైన మంటలన్నీ ఆర్పేసి, డెల్ఫీ గుడి నుంచి కొత్త నిప్పు తేవాలని నిర్ణయించారు. యూకిదాస్ అనే ప్లాటియా మనిషి పరుగున డెల్ఫీ వెళ్లి, నిప్పు తీసుకుని, అదే రోజు పొద్దు వాలకముందే తిరిగొచ్చాడు. పోనురాను 1,000 స్టేడియాలు, అంటే 180 కిలోమీటర్ల పైమాట. ఊరివాళ్లని పలకరించి, నిప్పు చేతికిచ్చి, అక్కడే పడి చనిపోయాడు. ఇది కూడా ప్లూటార్కే చెప్పాడు, వేరే పుస్తకంలో. రెండు కథలు పక్కపక్కన పెట్టి చూడండి: పర్షియన్ల మీద గెలుపు, పరుగు, పలకరింపు, చావు. జనం నోళ్లలో ఒకటి ఇంకొక దాంట్లో కలిసిపోయిందని నా ఊహ. ఊహే, రుజువు కాదు.

పరుగెత్తి కబురు చెప్పి హాయిగా బతికినవాడు కూడా ఉన్నాడు, అతన్నీ చెప్పకపోతే అన్యాయం. ఆర్గోస్ ఊరి ఏజియస్ క్రీ.పూ. 328 ఒలింపిక్స్‌లో దూరపు పరుగు గెలిచి, తన గెలుపు కబురు తనే మోసుకుంటూ ఆ రోజే సొంత ఊరు చేరాడని ఒలింపిక్ విజేతల పాత పట్టికలో ఉంది. మధ్యలో 100 కిలోమీటర్లకు పైగా కొండలు.

ఆ ఏజియస్ గెలిచిన పందెం పేరే గ్రీకులు దూరపు పరుగుకి వాడిన అసలు మాట: డోలికోస్. క్రీ.పూ. 720లో ఒలింపిక్స్‌లో చేర్చారు, స్పార్టాకి చెందిన అకాంథస్ మొదట గెలిచాడు. దూరం ఊరిని బట్టి మారేది, 7 నుంచి 24 స్టేడియాల దాకా. ఒలింపియాలో ఒక స్టేడియం దూరం 192 మీటర్లు కాబట్టి, ఎక్కువలో ఎక్కువ నాలుగున్నర కిలోమీటర్లు. అంటే మీ ఆఫీసు వాళ్ల 5 కిలోమీటర్ల పరుగుకి గ్రీకుల దగ్గర సరిపోయే పేరు డోలికోస్. మనకి ఇందులో ఒక చుట్టరికం ఉంది. గ్రీకు 'డోలికోస్', సంస్కృతం నుంచి మనం తెచ్చుకుని రోజూ వాడే 'దీర్ఘ' ఒకే మూలం నుంచి వచ్చిన మాటలు. రెండిటికీ అర్థం పొడవు. గ్రీకులు పొడుగు కాయల తీగ చిక్కుడుకీ ఆ పేరే పెట్టారు. అందుకే చిక్కుడుకి వృక్షశాస్త్రంలో పాత పేరు డోలికోస్ లబ్‌లబ్, ఉలవలకి డోలికోస్ బైఫ్లోరస్. వ్యవసాయ కాలేజీల్లో చదివినవాళ్లకి ఈ పేర్లు గుర్తుంటాయి. అలాగే హెమెరోడ్రోమోస్‌లోని 'డ్రోమోస్' అంటే పరుగు. సంస్కృత ధాతుపాఠంలో కదలిక అర్థంలో ఉన్న 'ద్రమ్' ధాతువు దీని చుట్టమే.

హెమెరోడ్రోమోస్ లాంటి పని మన వైపూ ఉండేది, కాకపోతే పద్ధతి వేరు. మన దగ్గర ఉత్తరాలు అంచెల మీద నడిచేవి. ఒక అంచె దాకా ఒకడు పరుగెత్తి, అక్కడ సంచి మరొకడికి అందిస్తాడు. 'అంచెలంచెలుగా' అనే మాట మనకి అక్కణ్ణించే మిగిలింది. చిత్రం ఏమిటంటే ఆ యుద్ధంలో అంచెల పద్ధతి ఉన్నది శత్రువుకి. పర్షియా రాజు దగ్గర అంచె అంచెకీ గుర్రాన్నీ మనిషినీ మార్చే తపాలా ఉండేదని హెరొడోటస్ ఎంతో మెచ్చుకుంటూ రాశాడు. ఫిలిప్పిడీస్‌కి అంచె లేదు, గుర్రం లేదు. మొత్తం దారి ఒక్కడే.

ఇక మాట పుట్టుక. 1879లో రాబర్ట్ బ్రౌనింగ్ అనే ఇంగ్లిష్ కవి ఒక కవితలో స్పార్టా పరుగునీ, ఏథెన్స్ పరుగునీ కలిపి ఒకే మనిషికి, ఫైడిప్పిడీస్‌కి ఇచ్చేశాడు. పాన్ దేవుడు అతని చేతికి సోంపు రెమ్మ ఇచ్చినట్టు కూడా రాశాడు. ఊరి పేరుకి అర్థం తెలిసి రాసిన కవి అని తెలిసిపోతుంది. ఇవాళ బడి పుస్తకాల్లో, మైకుల్లో వినపడే కథ హెరొడోటస్‌ది కాదు, చాలావరకు ఈ కవితది.

పదిహేనేళ్ల తర్వాత, 1894లో పారిస్‌లోని సోర్బాన్‌లో ఒలింపిక్స్‌ని మళ్లీ మొదలుపెట్టే సభ జరిగింది. పియెర్ ద కుబెర్తిన్ నడిపిన ఆ సభకి వచ్చినవాళ్లలో మిషెల్ బ్రెయాల్ ఒకడు. బెర్లిన్‌లో ఫ్రాంజ్ బాప్ దగ్గర సంస్కృతం చదువుకుని, పారిస్‌లో భాషల తులనాత్మక వ్యాకరణం బోధించిన ప్రొఫెసర్. మాటల అర్థాలు ఎలా పుడతాయి, ఎలా మారతాయి అని చూసే శాస్త్రానికి 'సెమాంటిక్స్' అన్న పేరు 1883లో పెట్టింది ఈయనే. ఆ బ్రెయాల్ 1894 సెప్టెంబర్ 15న కుబెర్తిన్‌కి ఉత్తరం రాశాడు. ఏథెన్స్‌లో ఆటలు జరిపితే మారథాన్ సైనికుడి పరుగుని కూడా పెట్టండి, గెలిచినవాడికి వెండి కప్పు నేనిస్తాను అని. మాటల అర్థం ఎలా జరుగుతుందో జీవితమంతా చదివిన మనిషే, ఒక ఊరి పేరు పందెం పేరుగా జరగడానికి చెయ్యి వేశాడు. ఇంతకంటే ముచ్చటైన సంగతి మాటల చరిత్రలో నాకు తెలిసి తక్కువ. ఆ వెండి కప్పు 2012లో లండన్ వేలంలో 5,41,250 పౌండ్లకు అమ్ముడుపోయి, ఇప్పుడు గ్రీసులో ఉంది.

మొదట్లో అది 'మారథాన్ పందెం', గ్రీకులో 'మారథోనియోస్ డ్రోమోస్', అంటే మారథాన్ వాళ్ల పరుగు. పోనుపోను వెనక మాట రాలిపోయి ఊరి పేరు ఒక్కటే మిగిలింది. బనగానపల్లె ఊరి పేరు మామిడిపండుకి అంటుకుని, కిలో బంగినపల్లి ఎంత అని అడిగేటప్పుడు ఊరు ఎవరికీ గుర్తు రానట్టే ఇదీను. గ్రీకులు మాత్రం ఇప్పటికీ రెండూ కలపరు. ఊరు మారథోనాస్, పరుగు మారథోనియోస్.

ఆ పేరుతో మొట్టమొదటి పరుగు ఒలింపిక్స్‌లో కాదు, దానికి ముందు 1896 మార్చిలో గ్రీకులు తమ వాళ్లని ఎంపిక చేసుకోవడానికి పెట్టిన పోటీలో జరిగింది. హరిలావోస్ వాసిలాకోస్ 3 గంటల 18 నిమిషాల్లో గెలిచాడు. ఒలింపిక్ పరుగు ఏప్రిల్ 10న. 17 మంది మారథాన్ వంతెన దగ్గర బయల్దేరారు, అందులో 13 మంది గ్రీకులే. స్టేడియంలో జనం అప్పటికే దిగులుగా ఉన్నారు. తమ సొంత ఆట అనుకున్న డిస్కస్‌ని కూడా అమెరికా వాడు గెలుచుకుపోయాడు. దారిలో ముందు ఫ్రాన్స్‌కి చెందిన లెర్మూసియో, తర్వాత 800, 1,500 మీటర్ల పందేలు గెలిచిన ఆస్ట్రేలియా కుర్రాడు ఫ్లాక్ ముందున్నారు. ఇద్దరూ 30 కిలోమీటర్లు దాటాక కూలబడ్డారు. దూరపు పరుగులో ఇది ఇవాళ్టికీ అలాగే జరుగుతుంది. మధ్య దూరాల వేగంతో మొదలుపెట్టినవాడికి 30 దాటాక ఒంట్లో నిలవ ఉన్న చక్కెర అయిపోతుంది, కాళ్లు మాట వినవు. గుర్రం మీద దూసుకొచ్చిన అధికారి రాజు దగ్గరికి వెళ్లి, ముందున్నది గ్రీకువాడని చెప్పగానే స్టేడియం లేచి నిలబడింది. దుమ్ము కొట్టుకుపోయిన స్పిరిడోన్ లూయిస్ లోపలికి వచ్చేసరికి ఇద్దరు రాకుమారులు కిందికి దిగి, అతని పక్కనే గీత దాకా పరుగెత్తారు. 2 గంటల 58 నిమిషాల 50 సెకన్లు. లూయిస్ మరూసి ఊళ్లో నీళ్లు మోసి అమ్ముకునేవాడు. ఆ తర్వాత ఇంకే పోటీలోనూ పరుగెత్తలేదు. గ్రీకులో ఎవడైనా రివ్వున మాయమైతే 'లూయిస్ అయిపోయాడు' అని ఇప్పటికీ అంటారు.

మరుసటి ఏడాది, 1897 ఏప్రిల్ 19న, ఏథెన్స్ చూసి వచ్చిన బోస్టన్ వాళ్లు తమ ఊళ్లో అలాంటిదే మొదలుపెట్టారు. అప్పటికే మాట అట్లాంటిక్ దాటేసింది.

42.195 గురించి. దీనికీ గ్రీసుకీ సంబంధం లేదు. 1896లో దూరం సుమారు 40 కిలోమీటర్లు. తర్వాతి ఆటల్లో ఊరి దారిని బట్టి తలో రకంగా పెట్టుకున్నారు. 1908లో లండన్ వాళ్లు విండ్సర్ కోట దగ్గర మొదలుపెట్టి, స్టేడియంలో రాణిగారు కూర్చున్న చోటి ముందు ముగించారు. అది 26 మైళ్ల 385 గజాలు, అదే 42.195 కిలోమీటర్లు. ఆ రోజు ఇటలీకి చెందిన డొరాండో పియెత్రి స్టేడియంలోకి ముందుగా వచ్చి, దారి తప్పి, మళ్లీ మళ్లీ పడిపోతే అధికారులు లేవనెత్తి గీత దాటించారు. సాయం తీసుకున్నాడని పతకం ఇవ్వలేదు, అమెరికాకి చెందిన జానీ హేస్‌కి ఇచ్చారు. ఆ గొడవతో ఆ పందెం ప్రపంచమంతా మారుమోగింది. అయినా 1912లో స్టాక్‌హోమ్‌లో 40.2, 1920లో ఆంట్‌వర్ప్‌లో 42.75 పెట్టారు. ఆ ఆంట్‌వర్ప్ పరుగులోనే బెళగావికి చెందిన ఫడెప్పా చౌగులే మన దేశం తరఫున పరుగెత్తి 19వ స్థానంలో నిలిచాడు. 1921లో అంతర్జాతీయ అథ్లెటిక్స్ సమాఖ్య లండన్ దూరాన్నే ఖాయం చేసింది. 1924 పారిస్ నుంచి అదే.

లండన్ గొడవ తర్వాత అమెరికాలో మారథాన్ పిచ్చి పట్టుకుంది. పరుగుతో పని లేకుండా ఎంతసేపటికీ తెగని దేనికైనా ఆ మాట వాడటం పెరిగింది. 1920లలో గంటల తరబడి, రోజుల తరబడి నాట్యం చేసే పోటీలని డాన్స్ మారథాన్ అన్నారు. మన పేపర్లలో 'మారథాన్ చర్చలు', 'మారథాన్ విచారణ' అని వచ్చేది ఆ దారినే. ఆ తర్వాత మాట తోక తెగి వాకథాన్, టెలిథాన్, హ్యాకథాన్ అయింది. వ్యాకరణం ప్రకారం 'థాన్'కి విడిగా అర్థమే లేదు. మాటని విడదీస్తే 'మారథ్' దాకా సోంపు, చివరి 'ఓన్' అంటే అది ఉన్న చోటు. తెగింది సోంపు మధ్యలో. అయినా రాత్రంతా కూర్చుని కోడ్ రాసే కుర్రాళ్లకి ఆ ముక్క చక్కగా అర్థమవుతోంది కాబట్టి అది ఇప్పుడు నిజమైన మాటే అని నేను ఒప్పుకుంటాను.

అన్నట్టు, ఫిలిప్పిడీస్ అసలు దారిలో పరుగెత్తాలని ఉంటే అదీ ఉంది. అంత దూరం మనిషి రెండు రోజుల్లోపు చేరగలడా అని చూడటానికి 1982లో జాన్ ఫోడెన్ అనే బ్రిటిష్ వైమానిక దళ అధికారి కొందరితో కలిసి ఏథెన్స్ నుంచి స్పార్టాకి పరుగెత్తాడు, 40 గంటల్లోపు ముగ్గురు చేరారు. 1983 నుంచి అది స్పార్టథ్లాన్ పేరుతో ఏటా జరిగే 246 కిలోమీటర్ల పోటీ అయింది. మొదటిసారి గెలిచిన గ్రీకు యానిస్ కూరోస్ మరుసటి ఏడాది 20 గంటల 25 నిమిషాల్లో చేరాడు. హెరొడోటస్ చెప్పింది సాధ్యమేనా అన్న అనుమానం దాంతో తీరిపోయింది.

ఇక మీ మూడో ప్రశ్న. అర్థం ఎంత సాగినా, పరుగు విషయంలో మాత్రం ఈ మాటకి ఒకటే కొలత. 42.195 కిలోమీటర్లు ఉంటే మారథాన్, 21.0975 ఉంటే హాఫ్ మారథాన్. హైదరాబాద్‌లోనైనా విశాఖలోనైనా పరుగెత్తేవాళ్లు తమలో తాము అసలు మారథాన్ అనే మాట కూడా అనరు. "ఈసారి ఫుల్లా, హాఫా?" అని అడుగుతారు. 5 కిలోమీటర్లని మారథాన్ అంటే, నెలల తరబడి తెల్లవారుజామున లేచి ప్రాక్టీస్ చేసినవాళ్లకి కష్టంగా ఉంటుంది. మొదటిసారి 5 కిలోమీటర్లు పూర్తి చేసినవాళ్లకి, నాకింకా ముందుకి వెళ్లే దారి ఉంది అన్న సంగతి తెలియకుండా పోతుంది. రెండూ నాకు నచ్చవు. వచ్చే ఏడాది బ్యానర్ మీద '5కె రన్' అని రాయించమని మీ హెచ్ఆర్ వాళ్లకి చెప్పండి. యాంకర్ చేతికి కథ కావాలంటే, పర్షియన్ ఓడలకంటే ముందు ఊరు చేరిన ఆ సైన్యం కథ ఇవ్వండి.